గోధుమ పడని బిడ్డతో ప్రయాణం

రెండేళ్ళ క్రితం వేసవి సెలవులు ముగిసిన వారంలో ఒక తల్లి తన నాలుగేళ్ళ బాబును ఎత్తుకొని మా పిల్లల విభాగానికి వచ్చారు. ఆ బాబు మాకు కొత్తవాడు కాదు. అంతకు ఏడాది ముందు సీలియాక్ వ్యాధి అని తేలినప్పుడు వాడి బరువు పదిన్నర కిలోలు. కాళ్ళు చేతులు సన్నగా, పొట్ట మాత్రం కుండలా ఉండేది. గోధుమ పూర్తిగా మాన్పించిన పది నెలల్లో పద్నాలుగు కిలోలకు వచ్చాడు. వరండాలో పరుగులు పెట్టేవాడు. ఆ రోజు మాత్రం తల్లి భుజం మీద నుండి తల ఎత్తలేదు. పొట్ట ఉబ్బి ఉంది. తూకం వేస్తే ఎనిమిది వందల గ్రాములు తగ్గాడు.

"ఇంట్లో ఒక్క తప్పు చేయలేదు డాక్టరు గారూ. మా తమ్ముడి పెళ్ళికి ఢిల్లీ వెళ్ళి వచ్చాం. దారిలో ఏం పెట్టాలో నాకు తెలియలేదు" అని ఆమె కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఆమెను ఏమీ అనలేకపోయాము. ఏమి తినకూడదో పెద్ద జాబితా రాసి ఇచ్చాము గాని, ఇల్లు కదిలినప్పుడు ఎలా గడుపుకోవాలో మేము ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ లోపం మాది. ఈ పాఠం అందుకే రాస్తున్నాము. ఇటువంటి బిడ్డ మీ ఇంట్లో లేకపోయినా చదవండి. మీ ఇంటికి చుట్టంగా రావచ్చు, రైలులో మీ ఎదుటి సీటులో కూర్చోవచ్చు.

గ్లూటెన్ అంటే ఏమిటి?

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో ఉండే ఒక రకం మాంసకృత్తును గ్లూటెన్ అంటారు. చపాతీ పిండికి సాగే గుణం ఇచ్చేది ఇదే. చాలామందికి దీని వలన ఏ ఇబ్బందీ లేదు. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో మాత్రం గ్లూటెన్ కడుపులోకి వెళ్ళగానే శరీరపు రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదనే దాడి చేస్తుంది. చిన్నపేగు లోపలి గోడ మీద మఖమలు గుడ్డ మీది నూగులాంటి సన్నని పోగులు ఉంటాయి. తిన్న ఆహారంలోని సారాన్ని రక్తంలోకి తీసుకొనేవి ఇవే. ఈ పోగులు అరిగి చదునైపోతే బిడ్డ ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, పొట్ట ఉబ్బరం, రక్తహీనత, ఎదుగుదల లేకపోవడం, ఎప్పుడూ చిరాకు కనిపిస్తాయి. కొందరిలో విరేచనాలు లేకుండా ఎత్తు పెరగకపోవడం ఒక్కటే కనిపించవచ్చు.

నెదర్లాండ్స్ దేశపు పిల్లల వైద్యుడు విల్లెమ్ డిక్కె ఈ వ్యాధికి గోధుమే కారణమని ముందే అనుమానించారు. రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1944–45 చలికాలంలో అక్కడ తీవ్రమైన కరువు వచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో ఉన్న ఆ రోజుల్లో ఈ పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడ్డారు. ఆయన తన పరిశోధనను 1950లో ప్రచురించారు. నేటికీ ఈ వ్యాధికి ఉన్న చికిత్స ఒక్కటే: జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారం.

మన ప్రాంతంలో ఈ పేరు చాలామందికి తెలియదు. అందుకు కారణం ఉంది. 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మన దేశంలోని మూడు ప్రాంతాల ప్రజల రక్తం పరీక్షించారు. ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా కనిపిస్తే, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి మాత్రమే కనిపించాయి. తక్కువ అన్నమాటే గాని, లేదని కాదు.

ఒక హెచ్చరిక. ఈ లక్షణాలు చదివి మీరే బిడ్డకు గోధుమ మాన్పించకండి. టీటీజీ అనే రక్తపరీక్ష, అవసరమైతే పేగులోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, బిడ్డ గోధుమ తింటున్న రోజుల్లోనే సరిగా తేలుతాయి. ముందే మాన్పిస్తే జబ్బు దాగిపోతుంది.

"ఒక్క బిస్కెట్టుకు ఏమవుతుందమ్మా?"

ప్రయాణంలో ఈ తల్లులు ఎక్కువగా వినే మాట ఇదే. అనేవాళ్ళు ప్రేమతోనే అంటారు. కాబట్టి కోపగించుకోకుండా లెక్క చెప్పండి.

ఒక బ్రెడ్డు ముక్కలో సుమారు రెండు గ్రాములు, అంటే రెండు వేల మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజుకు యాభై మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తిన్నవారి పేగు దెబ్బతిన్నట్లు పరిశోధనలో తేలింది. యాభై మిల్లీగ్రాములంటే ఆ బ్రెడ్డు ముక్కలో నలభయ్యో వంతు. చాలామందికి రోజుకు పది మిల్లీగ్రాముల లోపు ఉంటే హాని కనబడదు. అంటే బ్రెడ్డు మీద నుండి ఆమ్లెట్టు తీసి పెట్టినా, దానికి అంటిన పొడి కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

మరొక చిక్కు ఉంది. తిన్న వెంటనే బిడ్డకు ఏమీ కాకపోవచ్చు. "చూశావా, ఏమీ కాలేదు" అంటారు. పేగుకు తగిలిన దెబ్బ బయటకు కనబడదు. రెండు మూడు రోజులకు విరేచనాలు రావచ్చు, రాకపోవచ్చు. ఈ జబ్బు ఉన్న బిడ్డకు "ఏమీ కాలేదు" అనే మాట సాక్ష్యం కాదు.

పేర్లు చూసి మోసపోవద్దు

మన తెలుగు ఇళ్ళలో ఒకే పేరు వెనుక రెండు రకాల పదార్థాలు ఉంటాయి. ప్రయాణంలో పొరపాటు చాలాసార్లు ఇక్కడే జరుగుతుంది.

రవ్వ: ఇడ్లీ రవ్వ, బియ్యపు రవ్వ, జొన్న రవ్వ, మొక్కజొన్న రవ్వ మంచివే. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ పనికిరావు. ఇడ్లీ పెట్టవచ్చు, రవ్వ ఇడ్లీ పెట్టకూడదు. దోసె పెట్టవచ్చు, రవ్వ దోసె పెట్టకూడదు. పెసరట్టు పెట్టవచ్చు, లోపల ఉప్మా పెట్టిన పెసరట్టు పెట్టకూడదు.

మాల్ట్: మనం రాగి జావను కూడా రాగి మాల్ట్ అంటాము. ఇంట్లో రాగులు మొలకెత్తించి చేసుకున్నదైతే నిశ్చింతగా ఇవ్వవచ్చు. కాని డబ్బా మీద 'మాల్ట్', 'మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్' అని ఉంటే అది సాధారణంగా బార్లీది. పాలలో కలిపే చాలా పొడులలో, కొన్ని కార్న్‌ఫ్లేక్స్‌లో ఇది ఉంటుంది. మొక్కజొన్న కదా అని నమ్మకండి. మాల్టోడెక్స్‌ట్రిన్ అనేది మాత్రం వేరు. దానికి భయపడనక్కరలేదు.

బార్లీ నీళ్ళు: జ్వరం వచ్చినా, మూత్రం మంటగా ఉన్నా మన పెద్దలు బార్లీ నీళ్ళు కాచి ఇస్తారు. ఈ బిడ్డకు అది మందు కాదు, హాని. అమ్మమ్మకు, నాయనమ్మకు ముందుగానే చెప్పి ఉంచండి.

ఇంగువ: బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలిసి ఉంటుంది. కొన్నిటిలో బియ్యపు పిండి కలుపుతారు. డబ్బా వెనుక చదవండి. హోటలు సాంబారు, రసం, పప్పు తాలింపుల్లో ఇది ఉంటుందని అనుకొనే నడచుకోండి.

మైదా: మైసూరు బజ్జీ, సమోసా, పరోటా, గులాబ్ జామ్, జిలేబీ, బొబ్బట్లు, కజ్జికాయలు, ఐస్‌క్రీమ్ కోను, సేమ్యా, నూడిల్స్, కేకు అన్నీ గోధుమవే. సోయా సాస్‌లో కూడా మామూలుగా గోధుమ ఉంటుంది.

నూనె: మినప గారెలో గోధుమ లేదు. కాని పూరీలు, మైసూరు బజ్జీలు వేగిన నూనెలోనే గారెలు వేస్తే ఆ గారె ఈ బిడ్డకు పనికిరాదు. మిరపకాయ బజ్జీకి, పునుగులకూ ఇదే నియమం. పైగా పునుగుల పిండిలో కొందరు మైదా కూడా కలుపుతారు.

బయలుదేరే ముందు

ప్రయాణానికి వారం రోజుల ముందే ఈ పనులు మొదలుపెట్టండి.

ఒకటి, ఎన్ని పూటలో లెక్కవేయండి. విజయవాడ నుండి ఢిల్లీకి పదిహేడు వందల కిలోమీటర్ల పైమాటే. వరంగల్లు, బల్లార్ష, నాగపూర్, భోపాల్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా వెళ్ళేసరికి చాలా రైళ్ళకు ఒక పగలు, ఒక రాత్రి దాటుతుంది. రైలు ఆలస్యం కావచ్చు. నాలుగు పూటల ప్రయాణమైతే ఆరు పూటలకు సరిపడా పెట్టుకోండి. పైన చెప్పిన బాబు విషయంలో తప్పు ఇక్కడే జరిగింది. ఇంటి నుండి తెచ్చిన పెరుగన్నం మొదటి రాత్రికే పులిసిపోయింది. మరునాడు ఉదయం డబ్బాలో ఏమీ లేదు. బిడ్డ ఏడుస్తున్నాడు. అమ్మకానికి వచ్చినవి బ్రెడ్డు ఆమ్లెట్టు, కట్‌లెట్టు. కట్‌లెట్టు బంగాళాదుంపే కదా అని ఆ తల్లి పెట్టారు. దాని పైన అద్దింది బ్రెడ్డు పొడి అని ఆమెకు తెలియదు. ఆకలితో ఏడ్చే బిడ్డ ఎదుట ఏ తల్లి ఓడిపోదు? అందుకే బిడ్డకు ఆకలి వేయకముందే తిండి మన చేతిలో ఉండాలి.

రెండు, పిండి ఇంట్లోనే మిక్సీలో పట్టండి. పిండి మరలో మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టి ఉంటారు. మన బియ్యంలో, రాగుల్లో ఆ పిండి కలుస్తుంది. మిక్సీని ముందుగా బాగా కడిగి ఆరబెట్టండి.

మూడు, తిండిని కనీసం రెండు సంచుల్లో పెట్టండి. ఒక సంచి పోయినా, ఒలికినా రెండవది ఉంటుంది.

నాలుగు, బిడ్డకు వేరుగా ఒక కంచం, గ్లాసు, గరిటె, చిన్న గిన్నె పెట్టుకోండి. వీలైతే రంగు వేరుగా ఉన్నవి కొనండి. "ఇది బాబుది" అని అందరికీ చూడగానే తెలుస్తుంది.

ఐదు, డాక్టరు గారి చీటీ, వాడుతున్న మందుల పేర్లు, రెండు మూడు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు పెట్టుకోండి.

సంచిలో ఏమి ఉండాలి?

మొదటి ఐదారు గంటలకు: ఇడ్లీలు, నెయ్యి వేసిన పప్పన్నం. పెరుగన్నం పెడితే ముందుగా అదే తినిపించండి. వేసవిలో దానిని సాయంత్రం దాకా ఉంచవద్దు.

ఆ రోజంతటికీ: చింతపండు పులిహోర. ఇంగువ వేయకండి. బిడ్డ కోసం కారం తగ్గించండి. ఉడికించిన బంగాళాదుంప, ఉడికించిన గుడ్డు పొద్దున చేసినవైతే మధ్యాహ్నం లోపు పెట్టేయండి. వేసవిలో ఇంకా త్వరగా పెట్టాలి.

రెండవ రోజుకు, ఆ పైన: అటుకుల పొడి. నాలుగు పాళ్ళు అటుకులు, ఒక పాలు పుట్నాలు విడివిడిగా దోరగా వేయించి మెత్తగా పొడి చేయండి. గాలి తగలని డబ్బాలో పెట్టండి. తినేముందు వేడి పాలు గాని, ఫ్లాస్కులోని వేడి నీళ్ళు గాని పోసి, బెల్లపు పొడి కలిపి ఐదు నిమిషాలు మూత పెట్టండి. బియ్యం, పప్పు పచ్చివి వేయించి పొడి చేసినదానిని మాత్రం పొయ్యి మీద ఉడికించాలి, వేడి నీళ్ళు పోస్తే చాలదు. అటుకులు, పుట్నాలు ముందే ఉడికి, వేగి ఉన్నవి గనుక ప్రయాణానికి ఇవి అనుకూలం.

చిరుతిళ్ళు: సున్నుండలు, అరిసెలు, ఇంట్లో చేసిన బియ్యపు పిండి జంతికలు, మరమరాలు, పేలాలు, పూతరేకులు, ఎండు ఖర్జూరం, అరటిపండ్లు. బజారులో కొన్న జంతికల్లో మైదా కలిపి ఉండవచ్చు. వేరుశనగ పప్పు మంచి బలం. కాని ఐదేళ్ళ లోపు పిల్లలకు గింజలుగా పెట్టకండి, గొంతులో అడ్డుపడతాయి. కదులుతున్న రైలులో అది మరీ ప్రమాదం. దంచి బెల్లంతో ఉండలు చేసి పెట్టండి. ఖర్జూరం గింజ తీసి చిన్న ముక్కలు చేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. ఎదుటి సీటు పిల్లలు క్రీము బిస్కెట్టు తింటున్నప్పుడు మన బిడ్డ చేతిలో వాడికి ఇష్టమైనది ఏదో ఒకటి ఉండాలి. "నువ్వు తినకూడదు" అన్న మాట ఒక్కటే వింటూ పెరిగిన బిడ్డ ఒకనాడు దొంగచాటుగా తింటాడు. "అది వాళ్ళది, ఇది నీది" అని చెప్పగలిగితే సగం కష్టం తీరినట్టే. సంచి అడుగున ఒక ఇష్టమైన తినుబండారం దాచి ఉంచి, అవసరం వచ్చినప్పుడే తీయండి.

రైలులో, స్టేషనులో

రైలు పెట్టెలోని ఛార్జింగు పాయింటుకు ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టకూడదు. పొయ్యి వెలిగించకూడదు. అవి నిషేధం, ప్రమాదం కూడా. వేడి నీళ్ళు ఫ్లాస్కులో తెచ్చుకోండి.

కొనవలసి వస్తే తొక్క ఉన్నవి, పెంకు ఉన్నవి కొనండి: అరటిపండు, కమలా పండు, పెంకు తీయని ఉడికిన గుడ్డు, మూత తీయని పెరుగు కప్పు, పాల పాకెట్టు. వాటిలోకి గోధుమ చేరే దారి లేదు. రుచులు కలిపిన పాలు, పెరుగు అయితే వెనుక రాసినది చదవండి. వండినవాటిలో తెల్లన్నం ఒక్కటే కాస్త నమ్మదగినది. భోజనం పళ్ళెంలో అన్నం పక్కనే చపాతీలు పెట్టి ఉంటే పై అన్నం తీసి పెడితే చాలదు, అన్నం వేరే పొట్లంలో కావాలని అడగండి. ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్ ద్వారా పెద్ద స్టేషన్లలో హోటలు భోజనం ముందుగా చెప్పి తెప్పించుకోవచ్చు. అప్పుడు కూడా తెల్లన్నం, గట్టి పెరుగు వంటి సాదా పదార్థాలే చెప్పండి.

టిఫినుకు ముందు సీటు, బల్ల తుడవండి. బిడ్డ చేతులు సబ్బుతో కడగండి. చేతికి రాసుకొనే శానిటైజరు గ్లూటెన్‌ను పోగొట్టదు. నీళ్ళు, సబ్బే కావాలి.

ఉత్తరాదిలో దిగిన తరువాత

మన ఊళ్ళో "అన్నం తిన్నారా?" అని అడుగుతారు. అక్కడ "రోటీ ఖాయీ?" అని అడుగుతారు. తిండి అంటేనే గోధుమ అయిన చోట మాట తెలియకపోతే చాలా కష్టం. ఈ పేర్లు నేర్చుకోండి: గేహూఁ అంటే గోధుమ. ఆటా అని ఊరికే అంటే గోధుమపిండి. సూజీ అంటే బొంబాయి రవ్వ. దలియా అంటే సాధారణంగా గోధుమ నూక. జౌ అంటే బార్లీ. సేవయీ అంటే సేమ్యా. బేసన్ అంటే శనగపిండి, చావల్ అంటే బియ్యం, మక్కా అంటే మొక్కజొన్న.

హిందీ తెలిసిన వారి చేత ఈ మాటలు ఒక అట్ట మీద హిందీ అక్షరాలతో రాయించి జేబులో పెట్టుకోండి:

"ఇస్ బచ్చే కో గేహూఁ, ఆటా, మైదా, సూజీ, దలియా ఔర్ జౌ బిల్కుల్ మనా హై. థోడా సా భీ ఖానే సే బీమార్ హో జాతా హై. చావల్, దూధ్, దహీ, అండా, ఆలూ ఖా సక్తా హై. కృపయా సాఫ్ బర్తన్ ఔర్ సాఫ్ చమ్మచ్ సే దీజియే."

ఒక మంచి సంగతి కూడా ఉంది. ఈ జబ్బు అక్కడ ఎక్కువ గనుక దానిని ఎరిగినవాళ్ళూ అక్కడ ఎక్కువ. "గేహూఁ కీ ఎలర్జీ" అంటే చాలామందికి అర్థమవుతుంది. పెద్ద పట్టణాల దుకాణాల్లో గ్లూటెన్ లేని పిండి, బిస్కెట్లు దొరుకుతాయి. పాకెట్టు మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉండాలి. మన దేశపు ఆహార ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం, అలా రాసిన పదార్థంలో కిలోకు ఇరవై మిల్లీగ్రాముల కంటే ఎక్కువ గ్లూటెన్ ఉండకూడదు. 'వీట్ ఫ్రీ' అని మాత్రమే ఉంటే చాలదు, అందులో బార్లీ ఉండవచ్చు.

నవరాత్రుల రోజుల్లో ఉపవాసం ఉండేవారి కోసం అక్కడి హోటళ్ళలో ధాన్యం లేని వంటకాలు చేస్తారు. కుట్టూ పిండి, సింఘాడా పిండి, సామా బియ్యం, సగ్గుబియ్యం వాటిలో వాడతారు. వీటిలో వేటిలోనూ గ్లూటెన్ లేదు. వండిన గిన్నె, నూనె వేరా అని మాత్రం అడగండి. మామూలు రోజుల్లో రాజ్మా చావల్ మంచిది, కాని తాలింపులో ఇంగువ పడిందేమో తెలుసుకోండి. మక్కా రొట్టె మొక్కజొన్నదే అయినా కొందరు గోధుమపిండి అద్ది ఒత్తుతారు, గోధుమ రొట్టెలు కాల్చిన పెనం మీదనే కాల్చవచ్చు. అడగకుండా పెట్టవద్దు.

చుట్టాల ఇంట్లో, సంఘంలో

ఆ పెళ్ళివారింట్లో బాబు కోసం మేనత్త ప్రత్యేకంగా అన్నం వండారు. కాని చపాతీ పిండి కలిపిన చేత్తోనే వడ్డించారు. పప్పులో ఇంగువ వేశారు. మూడవ రోజు పిల్లలందరితో కలిసి బాబు ఒక గులాబ్ జామ్ తిన్నాడు. అందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఎవరికీ ముందుగా చెప్పకపోవడమే లోపం.

వెళ్ళేముందే ఫోను చేసి ఇలా చెప్పండి: "వదినా, బాబుకు గోధుమ అసలు పడదు. మీరు ప్రత్యేకంగా ఏమీ చేయవద్దు. ఒక గిన్నె, ఒక గరిటె, పొయ్యి మీద కాస్త చోటు ఇస్తే చాలు, నేను వండుకుంటాను." ఇంటివారికి భారం తగ్గుతుంది, మనసు నొచ్చుకోరు. వంటింట్లో ముందు బిడ్డకు వండి, మూత పెట్టి పక్కన ఉంచిన తరువాతే మిగతావారి రొట్టెల పని మొదలుపెట్టమని కోరండి. చపాతీ చేసేటప్పుడు పిండి గాలిలో లేచి పక్క గిన్నెలో పడుతుంది. వెన్న, జామ్, పచ్చడి సీసాల్లో రొట్టె ముక్కలు అంటిన చెంచాలు పెడతారు. బిడ్డకు కొత్త సీసా విప్పండి.

వేరే ఊరి సంఘానికి వెళ్ళినప్పుడు సండే స్కూలులో బిస్కెట్లు, ప్రేమ విందులో పూరీలు, క్రిస్మస్‌కు కేకు పంచుతారు. బిడ్డను ఇంట్లో దాచకండి. టీచరు గారికి ముందే చెప్పి, బిడ్డ వంతుగా ఇవ్వడానికి ఒక పొట్లం ఆమె చేతికే ఇవ్వండి. అందరితో పాటు వాడి పేరూ పిలిచి ఇస్తే వాడి ముఖం వెలిగిపోతుంది.

విమానంలో, విదేశాలలో

భోజనం పెట్టే విమానాల్లో గ్లూటెన్ లేని భోజనం ముందుగా చెబితే ఇస్తారు. టికెట్టు కొన్నప్పుడే చెప్పండి. చాలా సంస్థలు కనీసం ఇరవై నాలుగు గంటలు, కొన్ని నలభై ఎనిమిది గంటల ముందు చెప్పాలంటాయి. అయినా ఇంటి తిండి దగ్గర ఉంచుకోండి. అమెరికాలో 'గ్లూటెన్ ఫ్రీ' అన్న మాటకు 2013లో నియమం వచ్చింది. అక్కడ కూడా కిలోకు ఇరవై మిల్లీగ్రాములే హద్దు. అక్కడి పాకెట్ల మీద గోధుమ ఉంటే చెప్పి తీరాలి గాని, బార్లీని అలా విడిగా హెచ్చరించాలన్న నియమం లేదు. 'మాల్ట్' అన్న మాట కోసం మీరే వెదకాలి.

పొరపాటున తింటే

కంగారు పడకండి. వాంతి చేయించకండి. విరుగుడు మందు లేదు. నీళ్ళు తరచుగా తాగించండి. విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి. తరువాతి పూట నుండి మళ్ళీ కచ్చితంగా ఉండండి. "ఎలాగూ తిన్నాడు కదా" అని ఆ ప్రయాణమంతా వదిలేయకండి. వాంతులు ఆగకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా, కళ్ళు లోతుకు పోయినా, ఆరు నుండి ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళండి.

గోధుమ ఎలర్జీ అనే వేరే జబ్బు ఉంది. అందులో తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం రావచ్చు. అప్పుడు నిమిషం కూడా ఆగవద్దు.

ప్రయాణం నుండి వచ్చాక బిడ్డను ఒకసారి తూకం వేయించండి. జరిగిన పొరపాటు దాచకుండా డాక్టరు గారికి చెప్పండి. ఎవరూ తిట్టరు.

మళ్ళీ అదే రైలు

ఆ బాబు కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మరుసటి వేసవికి ఆ తల్లి మళ్ళీ ఢిల్లీ వెళ్ళాలా వద్దా అని మమ్మల్ని అడిగారు. వెళ్ళమన్నాము. బిడ్డకు అమ్మమ్మ, మేనమామ, వారి పిల్లలు కావాలి. జబ్బు పేరుతో బిడ్డను నాలుగు గోడల మధ్య ఉంచితే ఎదిగేది ఒళ్ళు మాత్రమే. ఈసారి ఆమె ఆరు పూటల తిండి, ఎర్ర కంచం, హిందీ అట్ట, సంచి అడుగున సున్నుండల డబ్బా పెట్టుకొని వెళ్ళారు. పదిహేను రోజుల తరువాత తిరిగి వచ్చి బాబును తూకం మీద నిలబెట్టారు. మూడు వందల గ్రాములు పెరిగాడు. నర్సమ్మ చాక్లెట్టు ఇవ్వబోతే వాడు చేయి వెనక్కి పెట్టుకొని, "ఇందులో మైదా ఉందా ఆంటీ?" అని అడిగాడు.

మీరే సరిచూసుకోండి

1. ఇడ్లీ, రవ్వ దోసె, పెసరట్టు: వీటిలో బిడ్డకు పనికిరానిది ఏది?
2. జ్వరం వచ్చిందని అమ్మమ్మ బార్లీ నీళ్ళు కాచారు. ఇవ్వవచ్చా?
3. హోటలులో గారెలు, పూరీలు ఒకే మూకుడులో వేస్తున్నారు. గారె పెట్టవచ్చా?
4. పాకెట్టు మీద 'వీట్ ఫ్రీ' అని ఉంది. కొనవచ్చా?
5. నాలుగు పూటల ప్రయాణానికి ఎన్ని పూటల తిండి తీసుకువెళ్ళాలి?

జవాబులు: 1. రవ్వ దోసె. ఉప్మా పెట్టినదైతే పెసరట్టు కూడా. 2. ఇవ్వకూడదు. గంజి గాని, ఓ.ఆర్.ఎస్. గాని ఇవ్వండి. 3. పెట్టకూడదు. 4. అంత మాత్రాన కొనకూడదు. 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉండాలి. 5. ఆరు పూటలకు.

ఈ పేజీని కత్తిరించి ప్రయాణపు సంచిలో పెట్టుకోండి. ఇటువంటి బిడ్డ ఉన్న ఇల్లు మీకు తెలిస్తే వారికి చదివి వినిపించండి.